చదవకుండా దాటేసిన మాట

పోయిన మంగళవారం పొద్దున బంగారు గనుల ఊరు మారికుప్పంలో మా పెదనాన్న పోయారు. శవపేటిక ఇంకా రాలేదు, పక్కింటివాళ్లు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "ఐర్లాండులో వాళ్లకు చెప్పినావా?" అని. ఏడుస్తున్నది మేము. అయినా అందరికీ ముందు వాళ్లే గుర్తొచ్చారు.

నెలల బిడ్డగా ఉన్నప్పుడు ఆయనను కన్యాస్త్రీల అనాథాశ్రమం నుంచి మా అవ్వాతాతలు తెచ్చి పెంచుకున్నారు. తెల్లటి మనిషి. గని వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరితే, "దొరా, స్పానర్ యాడ పెట్టినావు?" అని తోటివాళ్లు ఏడిపించేవారట.

మడత చాకులంటే ఆయనకు ప్రాణం. ఆదివారం చర్చి పూజ నుంచి వచ్చి గుమ్మంలో కూర్చుని ఒక్కో చాకునూ సానరాయి మీద నూరి, మడత దగ్గర కొబ్బరినూనె చుక్క వేసేవారు. కాన్వెంటులో నోరు విప్పని నేను పుస్తకం పట్టుకుని ఆ పక్కనే చేరేదాన్ని. పైకి చదవమనేవారు. నా గొంతు నేను విన్నది అక్కడే. వర్క్‌షాపు మర్యాద ఒకటి నాకూ నేర్పారు: తెరిచి ఇచ్చిన చాకును తెరిచే తిరిగి ఇవ్వాలి. మూయడం సొంతదారు పని.

రెండేళ్ల కిందట మా అన్న పట్టుబట్టి ఆయన ఉమ్మిని ఏదో డీఎన్‌ఏ పరీక్షకు పంపితే, ఐర్లాండులో ఒక చెల్లెలు బయటపడింది. ఇద్దరికీ తండ్రి ఒకడే, ఇక్కడి గనిలో ఇంజనీరుగా చేసి వెళ్లిపోయినవాడు. అతని కొమ్ముపిడి చాకు ఫొటో ఆమె పంపింది. ఆమె మెయిళ్లు నేను ప్రింటు తెచ్చి చదివేదాన్ని. కళ్లద్దాలు చాలడం లేదనేవారు పెదనాన్న.

"మా నాయన దాన్ని ఏ చేత్తో పట్టుకునేవాడో అడుగమ్మా," అన్నారు ఒకసారి. అంతవరకూ 'నాయన' అన్న ఆ పిలుపు మా తాత ఒక్కడిదే. పళ్లు బిగించి రాశాను. ఎడమచేత్తో అని జవాబు వచ్చింది. పెదనాన్నదీ ఎడమచేతి వాటమే. ఆ రోజు ఆయన ముఖంలో కనిపించిన సంతోషం నేనెప్పుడూ తెప్పించలేకపోయాను.

తర్వాతి మెయిల్లో ఆమె, మీ సొంతవాళ్లం ఇక్కడున్నాం, వచ్చి మాతో ఉండండి అని రాసింది. ఆ వాక్యం నేను చదవలేదు. పైదీ కిందదీ చదివి కాగితం ఇచ్చేశాను.

వారం తర్వాత మామిడికాయ కోస్తూ అన్నారు: "తెరిచి ఇచ్చింది తెరిచే ఇయ్యాలని చెప్పినాను కదమ్మా. కాగితమైనా అంతే."

నేను తల దించుకుని ముక్కలు గిన్నెలోకి ఎత్తాను.

"నా అద్దాలు బాగానే ఉండాయిలే. నువ్వు చదివితే వినాలని, అంతే."

"పోతావా పెదనాన్నా?"

"పోవాలనే ఉండాది. ఇంగ పాస్‌పోర్టు సంగతి నువ్వే చూడల్ల."

పోనని అంటారేమోనని ఆశపడ్డాను. అనలేదు. అర్జీ నేనే నింపాను. పాస్‌పోర్టు చేతికి రాకముందే ఆయన గుండె ఆగింది. ఆయన మా దగ్గరే ఉండిపోయారని నాలో ఒక మూల కలిగిన ఊరట గురించి ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పుకోలేను.

సమాధుల తోటలో పెట్టె మూసేముందు ఆమె వీడియో కాల్‌లోకి వచ్చింది. ఫోను ఆయన ముఖానికి ఎదురుగా పట్టుకున్నాను. ఏడుపు ఆపుకోవడానికి ఆమె చెవి తమ్మెను లాక్కుంటోంది, అచ్చం పెదనాన్నలాగే. ఇరవై ఏళ్లు పక్కన కూర్చున్నా నాకు అబ్బని అలవాటు అది. ఫోను పట్టుకున్న నా చెయ్యి లాగేస్తున్నా దించలేదు. ఆమె ఇంకా చూస్తూనే ఉంది.