గుమ్మానికి వేలాడిన కలబంద

"మా అమ్మ మొక్కను తలకిందులుగా ఉరేస్తావా?"

"ఉరి కాదే, దిష్టికి కట్టినా. ఊరంతా కడతారు."

"ఊరంతా వాళ్లమ్మ మొక్కనే కడతారా? నీళ్లు లేక సచ్చిపోదా?"

"కలబంద అంత సులువుగా సావదే. నువ్వు తాకకుంటే సాలు."

మా ఆయన అన్న ఆ చివరి మాట నేను చెవిన పెట్టి ఉంటే, ఇప్పుడు మీ ముందు ఈ నాశనం చెప్పుకొనే పనే ఉండేది కాదు.

ఐరాలలో మా అమ్మ ఇల్లు అమ్మేసినారు. కొన్నవాళ్లు పెరడు చదును చేసే ముందు, బట్టలుతికే బండ పక్కనుండే కలబంద పిలకలు తవ్వి తెచ్చుకొన్నాను. అమ్మ పోయినాక ఆమె చేతిది నాకు మిగిలింది అదే. చిన్నప్పుడు ఆ గుజ్జు నా తలకు రుద్దతా, "కదిలినావంటే గుండవుతావు" అని బెదిరించేది.

పిలకల్ని పగిలిన కుండల్లో పెంచినాను. కొత్త తొట్లు కొనేంత పిచ్చి నాకు లేదు. ఆయన ఒకటి ఎత్తకపోయి గుమ్మానికి కట్టినాక, మిగిలినవన్నీ పెరట్లో సాళ్లు తీసి నాటినాను. నాకు తెలిసిన నాటడం టమాటా నారు నాటడమే. కాలవ తీసినాను, పేడెరువు దండిగా వేసినాను. బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు చుక్క పారబొయ్యకుండా రెండుపూటలా పోసినాను. చివరి రోజుల్లో మా అమ్మకు దగ్గరుండి గంజి పొయ్యలేకపోయినాను. ఆ లోటంతా ఆ సాళ్లలో తీర్చుకొంటా ఉన్నానని అప్పుడు నాకే తెలీదు.

"ఏమే, అది కలబందా, వరి మడా?"

"నీ కన్ను పడకుంటే అదే పెరుగుతాదిలే!"

ఆకులు ఉబ్బినాయి. ఒళ్లు చేసినాయని మురిసిపోయినాను. ఒకనాడు ఒక ఆకును ముద్దుగా నిమిరితే, ఉడికిన వంకాయ మాదిరి చేతిలోకి ఊడొచ్చింది. పక్కదీ అంతే. సాళ్లన్నీ కుళ్లినాయి. ఆ కంపుకు పక్కింటోళ్లు కిటికీలు మూసుకొన్నారు. నేను ఆ బురదలోనే కూలబడి, అత్తగారింటికి వచ్చిన రోజు కూడా ఏడ్వనంత ఏడ్చినాను.

ఆయన ఎగతాళి చెయ్యలేదు. "లేసి గుమ్మం కాడికి రా" అన్నాడు.

పంతానికి నేను తలెత్తి చూడని మొక్క అది. చుక్క నీళ్లు లేవు, పిడికెడు మన్ను లేదు. తలకిందులుగానే వేలాడతా, మొనలన్నీ ఆకాశం దిక్కుకు తిప్పుకొని పచ్చగా ఉండాది. అచ్చం మా అమ్మే. ఎవరి చేతా ఏమీ పెట్టించుకోదు.

దేవుడి పటం ముందర నిలబడి ఒట్టేసినాను: "ఈ జన్మలో ఏ మొక్క మీదా ప్రేమ చూపించను స్వామీ."

మరుసటి పొద్దున దాన్ని దించి, పగిలిన కుండలో ఎండిన ఇసకమన్ను పోసి నాటినాను. ఒక్క గుక్క నీళ్లిస్తే ఏమవుతాదిలే అని చెంబు కోసం వెతికితే, యాడా లేదు. ఆయన ఆ చెంబును ఒళ్లో పెట్టుకొని, గడప మీద కూర్చొని కాఫీ తాగతా ఉన్నాడు.