నవ్వుకు పేరు పెట్టే నానమ్మ

పొద్దున మాదాపూర్‌లో ఆఫీసు లిఫ్టు ఎక్కుతుంటే మా మామ దగ్గర్నుంచి ఫోన్లో ఒక పసుపుపచ్చ ముఖం బొమ్మ వచ్చింది, కళ్లలోంచి నీళ్లు కారేలా నవ్వుతూ. రాత్రి నేను పంపిన జోకుకు జవాబది. పకపకా నవ్వాడో, ముసిముసిగా నవ్వాడో, మర్యాదకు నవ్వాడో ఏం తెలుస్తుంది? మా నానమ్మ అయితే "దీనికి గొంతేది?" అని ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకునేది.

ఈ అద్దాల మేడలు లేనప్పుడు మా పెంకుటిల్లు ఇక్కడే, రాళ్లగుట్టల నడుమ ఉండేది. ఎండాకాలం సాయంత్రాలు వాకిట్లో చల్లిన నీళ్ల వాసన, ఇంట్లో కొత్త మామిడికాయ తొక్కు ఘాటు కలిసి ముక్కును తాకుతుంటే, చూపు మందగించిన నానమ్మ గోడకానుకొని వీధిలో వినిపించే ప్రతి నవ్వుకూ పేరు పెట్టేది. కిసుక్కుమంటే ఏదో తప్పు చేసిన పిల్ల, ఇకిలిస్తే మనతో పనిబడినవాడు, సకిలిస్తే మా పెదనాన్న.

మా నాన్న చెల్లెలు చిన్నత్త పెళ్లిచూపుల్లోనూ నానమ్మది ఇదే పరీక్ష. చూడవచ్చిన పెళ్లికొడుకు ముందు నేను మంచినీళ్ల చెంబుతో తడబడి పడాలి, తలుపు చాటు నుంచి నానమ్మ అతని నవ్వు వినాలి. నా కూలి బెల్లం ముక్క. మొదటివాడు ఇకిలించాడు. "ఎదుటోళ్లు పడితే సంబురపడేటోడు, వద్దు" అంది. రెండోవాడు ముసిముసిగా నవ్వాడు. "ఏందో దాస్తున్నడు" అంది.

మూడో అతను చిన్నత్తకు నచ్చేశాడు. కిటికీలోంచి చూసొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నీకు దండం పెడ్తనే, జర ఈసారి పడకు!"

నేను పడలేదు. అతనికి నవ్వూ రాలేదు. నానమ్మ లోపల్నుంచి రెండుసార్లు దగ్గి సైగ చేసింది. నేను కదల్లేదు. నవ్వు వినకుండా నానమ్మ ఒప్పుకోదని చిన్నత్త ముఖం పాలిపోయింది. ఇంతలో అతను కూర్చున్న నులకమంచం తాళ్లు పటపటా తెగి, మనిషి నడుందాకా లోపలికి దిగిపోయాడు, కాళ్లు మాత్రం పైన. మా నాన్న కంగారుపడి లేపబోతే, లేవలేక పకపకా నవ్వాడు. ఇల్లంతా గొల్లున నవ్వింది.

"తనను జూసి తానే నవ్వుకుంటున్నడు. గీ పిల్లగానికే ఇయ్యుండ్రి" అని నానమ్మ లోపల్నుంచే సంబంధం ఖాయం చేసింది.

ఇప్పుడా ఇంటి చోట కార్లు ఆగుతాయి. నానమ్మ ఎప్పుడో పోయింది. చిన్నత్త పోయి మూడు నెలలు. మామ మియాపూర్ ఫ్లాటులో ఒక్కడే ఉంటున్నాడు. ఆయన గురించి నాకు బెంగగా ఉంది, ఆ పసుపు ముఖమేమో ఏమీ చెప్పదు. లిఫ్టు దిగగానే ఫోన్ చేశాను.

"మామా, ఆ నులకమంచం యాదికున్నదా?"

అటునుంచి పకపక మొదలై, సగంలో ఆగిపోయింది.

"ముందుగాల కిటికీలకెల్లి నవ్వింది మీ అత్తనే, బిడ్డా. ఆమెను జూసే నేను నవ్విన" అన్నాడు.

ఆ సగం నవ్వుకు నానమ్మ ఏ పేరు పెట్టేదో నాకు తెలియదు.