జొన్నచేనులో వేలాడిన సీడీ

కదిరి బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఒక్కోసారి కళ్లలోకి చురుక్కున వెలుగు పడుతుంది. తల తిప్పి చూస్తే ఏదో జొన్నచేనులో కర్రకు కట్టిన సీడీ గాలికి గిరగిరా తిరుగుతూ ఉంటుంది. పిట్టల్ని బెదిరించడానికి మా వైపు రైతులు పట్టుకున్న ఉపాయం అది. పాటలూ సినిమాలూ ఫోన్లలోకి వెళ్లిపోయాక సీడీలకు మిగిలిన ఉద్యోగం బహుశా ఇదొక్కటే. బస్సులో పిల్లలు వాటిని చూసి సరదాపడతారు. నాకు మాత్రం లలితమ్మ మేడం గుర్తొస్తుంది.

అనంతపురంలో నేను మొదట చేరిన స్కానింగ్ సెంటర్‌లో ఆమె సీనియర్ టెక్నీషియన్. మనిషి పొట్టి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపించేది. స్కానింగ్ అయ్యాక బొమ్మలన్నీ సీడీలోకి ఎక్కించి రోగి చేతికివ్వడం మా పని. నంబరు చీటీ అంటిస్తే సరిపోయేదానికి ఆమె నల్ల మార్కర్‌తో రోగి పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసేది. అంతటితో ఊరుకోదు. ఆ సీడీని ఇంకో కంప్యూటర్‌లో పెట్టి తెరిచి, రోగిని పిలిచి చూపించి మరీ పంపేది. ఒకరోజు బయట జనం కిక్కిరిసి ఉంటే నాకు ఒళ్లు మండింది.

"సీడీ రాసిన మిషన్‌లో తెరుచుకుంది కదా మేడం, మళ్లీ ఇంకోదాంట్లో ఎందుకు?" అన్నాను.

"దాని రాత అది చదువుకుంటాది లేమ్మా, అదేం గొప్ప? ఊరోళ్ల మిషన్ చదవల్ల. రేపు వీళ్లు పొయ్యేది ఊరోళ్ల కాడికే కదా" అంది, తలెత్తకుండానే.

కొన్నేళ్లకు సెంటర్‌లోకి కొత్త కంప్యూటర్లు వచ్చాయి. సన్నగా, ముచ్చటగా ఉన్నాయి. ముందూ పక్కలా ఎంత వెతికినా సీడీ పెట్టే చోటు కనపడలేదు. "ఇప్పుడెవరికి కావాల సీడీలు? ఫోన్‌కు లింకు పోతాది, అంతే" అన్నాడు మా ఓనరు. "ఇన్నేండ్లు మనం ఇచ్చినవి జనాల ఇండ్లల్లో ఉండాయి సార్, వాటిని ఎవరు చదివేది?" అని లలితమ్మ అడిగింది. వాళ్ల తిప్పలు వాళ్లు పడతారన్నాడాయన. ఒక్క పాత కంప్యూటర్‌ను ఆమె స్టోర్ గదిలో దుప్పటి కప్పి దాచింది. ఆయనకు అదీ కంట్లో నలుసయింది. పాత సామాను కొనేవాడికి కబురు పెట్టాడు.

సరిగ్గా వాడు వచ్చిన రోజే తనకల్లు నుంచి ఓబులేసు అనే రైతు, అతని భార్య గంగమ్మ వచ్చారు. దగ్గు తగ్గక ఆసుపత్రిలో స్కానింగ్ తీయిస్తే ఓబులేసు ఊపిరితిత్తి అడుగున చిన్న మచ్చ కనపడిందట. మర్నాడే ఆపరేషన్‌కు చేరమని డాక్టరు చెప్పాడు. చెబుతూనే, ఇంతకుముందు ఎప్పుడైనా కడుపు స్కానింగ్ తీయించారా అని అడిగాడట. తీయించారు, కొన్నేళ్ల కిందట, కిడ్నీలో రాళ్లకని, మా దగ్గరే. ఆ బొమ్మలు ఊపిరితిత్తుల అడుగంచు నుంచి మొదలవుతాయి. మచ్చ అప్పుడూ ఉండి, ఇన్నేళ్లుగా పెరగకపోతే కోత అక్కర్లేదు. అప్పుడు లేకపోతే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకూడదు. పాత రిపోర్టులో కిడ్నీల సంగతి తప్ప ఇంకేమీ రాసి లేదు. మా మిషన్లలో అన్నేళ్ల నాటి బొమ్మలు మిగలవు. ఇక దిక్కు అప్పుడిచ్చిన సీడీయే.

గంగమ్మ కొంగు ముడి విప్పి దాన్ని తీసింది. మధ్య రంధ్రంలో దారం ఇంకా వేలాడుతోంది.

"జొన్నచేన్లో పిట్టలకు కట్టినాడమ్మా ఈయప్ప. పేరు సూసి నేనే ఇప్పుకొచ్చినా. నీ పేరు నువ్వే ఎండలో యాలాడదీస్తావా అని తిట్టినా. పలుకుతాదా అమ్మా?"

లలితమ్మ సీడీని వెలుతురుకు పట్టి చూసింది. నిండా గీతలు. ఆమె ఏదో అనేలోపే ఓనరు లోపలికి పిలిచాడు. తలుపు ఓరగానే ఉంది, మాటలు నాకు వినపడుతున్నాయి.

"సీడీ పెట్టే డ్రైవ్ లేదని చెప్పి పంపెయ్. అప్పుడు మచ్చ ఉన్నా మనం రాయలేదని తేలితే ఎవరి మెడకు చుట్టుకుంటాది?"

"సూడకుండా పంపితే రేపు ఆయప్ప రొమ్ము కోస్తారు సార్."

"నీకు ఉద్యోగం కావాల్నా, వద్దా?"

ఆమె బయటికి వచ్చింది. స్టోర్ గది ఖాళీగా ఉంది. పాత సామానువాడు అప్పటికే కంప్యూటర్‌ను గేటు దాకా మోసుకుపోయాడు. "ఆడనే దించప్పా!" అని ఆమె వేసిన కేకకు వీధిలో పోయేవాళ్లు కూడా ఆగిపోయారు. రోగులు కూర్చునే బెంచీ మీదే దాన్ని పెట్టించింది. వైర్లు నేను తగిలించాను.

మొదటిసారి సీడీ కాసేపు గిర్రుమని తిరిగి, ట్రే దానంతటదే బయటికి వచ్చేసింది. ఆమె దారం కత్తిరించి, దూదితో మధ్య నుంచి అంచు వైపు నిదానంగా తుడిచి మళ్లీ పెట్టింది. ఈసారి గరగరమని చప్పుడు. స్క్రీన్ మీద ఏమీ లేదు. గంగమ్మ నా భుజం పట్టుకుంది, ఆమె గోళ్లు దిగుతున్నాయి. ఓనరు వచ్చి వెనక నిలబడ్డాడు. మూడోసారి చాలాసేపటికి ఓబులేసు పేరు కనపడింది. ఆ తర్వాత ఒక్కో బొమ్మ, మధ్యమధ్య ఆగుతూ.

"పలకలేదని చెప్పు" అన్నాడు ఓనరు, మెల్లగా.

"పలికింది సార్" అంది లలితమ్మ, అందరికీ వినపడేలా. స్క్రీన్‌ను ఓబులేసు వైపు తిప్పింది.

"ఉండాదా మేడం?" అని అడిగాడతను.

"అది నేను చెప్పకూడదప్పా. డాక్టరు కాడికి పో, బిరీన పో" అంటూ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి అతని చేతిలో పెట్టింది.

సాయంత్రం గంగమ్మ ఫోన్ చేసింది. "అదే మచ్చంటమ్మా, అప్పుడూ అంతే ఉండాదంట. కోత వద్దన్న్యాడు!" నేను చెప్పగానే లలితమ్మ బాత్రూంలోకి వెళ్లి, చాలాసేపటికి ముఖం కడుక్కుని వచ్చింది. ఆ రోజంతా ఆమె ఎంత భయపడిందో నాకు అప్పుడే అర్థమయింది.

రిపోర్టు గురించి ఎవరూ వచ్చి అడగలేదు, గొడవ పెట్టలేదు. అయినా ఓనరు మరిచిపోలేదు. కొత్త మిషన్లకు కొత్తవాళ్లు కావాలంటూ ఆ నెలలోనే ఆమెను పంపేశాడు. తర్వాత ఓబులేసు మళ్లీ పరీక్షకు వచ్చినప్పుడు, సంచినిండా పచ్చి శనక్కాయలు తెచ్చి "ఆయమ్మ యాడమ్మా?" అని అడిగాడు. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. "నా పానం నిలిపి ఆయమ్మ కూడు పోగొట్టుకున్న్యాదా!" అని మెట్ల మీద కూలబడిపోయాడు.

ఆమె పక్కన పనిచేసినందుకు నాకు మంచో చెడో ఒక గుణం అంటుకుంది. ఉన్నదాన్ని లేదని చెప్పమంటే నా వల్ల కాదు. దానివల్ల ఇప్పటికి రెండు ఉద్యోగాలు పోయాయి. ఇంట్లో తిడతారు, తిట్టరా మరి! మొన్న రెండోది పోయిన రోజు బస్టాండులో నిలబడి ఆమెకు ఫోన్ చేశాను. అంతా విని, మంచి పని చేశావనీ అనలేదు, తప్పనీ అనలేదు.

"అన్నం తిన్న్యావా?" అని అడిగింది.

లేదన్నాను.

"అయితే ఇంటికి రా. పొయ్యి మీద ఎసరు పెడతాండా."