గులాబీ రంగు కాగితం కట్ట

కాగితాన్ని తడిమి చూడటమే తప్ప చదవటం తెలియని పంతులొకడు నెల్లూరు సముద్రపు ఒడ్డున ఉండేవాడంటే మీరు నవ్వుతారు. నవ్వండి. ఆ పంతుల్ని నేనే. పిల్లల చేత అక్షరాలు దిద్దించిన చేత్తోనే, అక్షరాలా మూర్ఖుణ్ననిపించుకున్నాను.

మొన్న మా అక్క మనవరాలు సూళ్లూరుపేట నుంచి వచ్చి, క్రిస్మసుకు కాగితప్పూలు చేయాలి, కొత్త రకం కాగితాలేమైనా ఉంటే చెప్పమని నా ముందు చాప మీద కూర్చుంది. ఫోనులో చేతులు మాత్రమే కనిపించే ఎవరో ఒకావిడ కాగితం మడుస్తుంటే, చూస్తూ ఈ పిల్లా మడుస్తోంది. ఆ కాగితం లేత గులాబీ రంగు. దాన్ని చూడగానే నాకు పాత కట్ట ఒకటి గుర్తొచ్చింది. అంతలో ఫోను కీచుమంది, తెర మీద ఎర్రటి పట్టీ ఒకటి పడింది, పిల్ల దాన్ని బొటనవేలితో పక్కకు నెట్టేసింది. ఏమిటమ్మా అదని అడిగాను.

"తుఫాను మెసేజిలే తాతా, రోజూ వస్తానే ఉంటాయి" అంది, మడత మీద నుంచి కన్నెత్తకుండా.

నా ఉద్యోగం తొలినాళ్లలో బోగోలుకు తూర్పున, అలల చప్పుడు నల్లబల్ల దాకా వినిపించే పల్లెలో పంతులుగా ఉన్నాను. మా అక్కను ఆ ఊరికే ఇచ్చారు గనక తిండీ పడకా ఆమె ఇంట్లోనే. బావ తెప్ప మీద వేటకు పోయే మనిషి. ఆ ఊరి చర్చికి ఒక కట్టుబాటుండేది: నిరుడు వాడిన కాగితం ఈ ఏడు పండక్కి వాడకూడదు, పండగ కాగానే పూలూ తోరణాలూ ఇసుకలో కుప్పపోసి కాల్చేయాల్సిందే. పుట్టిన రాజుకు పాతవి కడతామా అనేవారు పెద్దలు. పశువుల పాకలో పుట్టినవాడికి అంత పట్టింపు ఉండదేమోనని నాకనిపించేది గానీ, పైకి అనేంత ధైర్యం ఉంటే నేను పంతుల్నెందుకవుతాను? అలంకారం బాధ్యత నా నెత్తిన పడింది. గాలిపటాల కాగితం, బిస్కెట్ పొట్లాల వెండి రేకు, సిమెంటు సంచీ లోపలి పొర, అన్నీ అయిపోయాయి. గవ్వ అంచు చూసి ఒక మడత, ఎండ్రకాయ డొప్ప చూసి ఒక మడత నేర్చుకున్నాను. ఒక ఏడు ఎండబెట్టిన చేప పొలుసులతో నక్షత్రం చేస్తే ఆ వాసనకు పాస్టరు గారి ప్రసంగం పావుగంటలో ముగిసింది, చాలామంది నాకు కృతజ్ఞతలు చెప్పారు.

ఆ మరుసటి ఏడు డిసెంబరులో ఒక గురువారం సాయంత్రం పంచాయతీ ఆఫీసుకు వెళితే, గుమాస్తా గారు తలెత్తకుండానే మూలనున్న చిత్తు కాగితాలు చూపించి, పనికొచ్చేవి తీసుకుపొమ్మన్నారు. ఆ కుప్ప మీద, మధ్యాహ్నం జీపులో వచ్చి ఎవరో అక్కడ పడేసిపోయిన కట్ట ఒకటుంది. గులాబీ రంగు. పల్చనిది, అయినా మడత నిలిచేది. వేలితో రాస్తే పట్టులా పలికింది. దాని మీద అచ్చయిన అక్షరాలు నాకు పాడుమచ్చల్లా కనిపించాయి. ఆ మచ్చలు బయటపడకుండా అచ్చు వైపు లోపలికి మడవాలని అక్కడికక్కడే నిర్ణయించుకున్నాను కూడా.

ఇంటి అరుగు మీద కూర్చుని పొద్దుగుంకే దాకా కత్తిరించాను. గాలి ఆకు కదిల్చేంత కూడా లేదు, అయినా అలలు మాత్రం ఎవరో వెనక నుంచి తోస్తున్నట్టు ఎత్తుగా, నెమ్మదిగా వచ్చి పడుతున్నాయి. కొంగలు వరసగా పడమటికి పోతున్నాయి. ఎండ్రకాయలు అరుగు దాకా వచ్చాయి. ఆకాశం సరిగ్గా నా చేతిలోని కాగితం రంగుకు తిరిగితే, ఆహా, ఏం కుదిరిందనుకున్నాను గానీ, ఎందుకు తిరిగిందనుకోలేదు. పంచాయతీ రేడియో మూగబోయి నెలయింది.

బావ వచ్చి ఒక పువ్వు చేతిలోకి తీసుకున్నాడు. "యాడిదిరా బామ్మర్దీ, ఇంత మంచి కాగితం?"

"చిత్తు కాగితం బావా. ఎవురికీ పనికిరాదంట."

ఆయన దాన్ని తలగుడ్డలో దోపుకుని, పెళ్లికొడుకులా మీసం తిప్పి, మా అక్కను నవ్వించి, తెల్లవారకముందే ఇంకో ఇద్దరితో వేటకు పోయాడు. సముద్రం అలిగుండాది, మాపిటికి సర్దుకుంటది, అన్నాడట పోతూ.

శుక్రవారం పొద్దున చర్చిలో పూలు కడుతున్నాం. మా అక్క నాలుగో తరగతి దాకా చదివింది, ఏ అక్షరం కనిపించినా వేలు పెట్టి కూడబలుక్కునే అలవాటు ఆమెది. ఒక పువ్వు రేకు విప్పి, పైకే చదవసాగింది.

"మత్స్య... కారులు... సముద్రము... లోనికి... పోరాదు." తలెత్తి నా వైపు చూసింది. "ఏందిరా అబ్బయ్యా ఇది? పువ్వులో ఇట్టా రాసుండాదే?"

ఇంకో పువ్వు విప్పాను, అందులో "పెను తుఫాను". పూలు పూయించబోయి పుట్టి ముంచాను. చర్చిలో అందరూ నేల మీద కూర్చుని ఒక్కో పువ్వునూ విప్పి, అరచేత్తో సాపు చేసి ఇస్తుంటే, రేకులుగా కోసిన ఆ నోటీసుల్ని నేను పరుగెత్తి గోడలకూ తెప్పలకూ అంటించాను. మధ్యాహ్నం బయల్దేరాల్సినవాళ్లు ఆగిపోయారు. పోయినవాళ్లను పిలవడానికి మాత్రం జిగురు చాలదు. విప్పడానికి పూలు అయిపోయాక కూడా మా అక్క వేళ్లు ఒళ్లో అలాగే కదులుతూ ఉండటం చూసి, తిట్టినా బాగుండుననుకున్నాను. మధ్యాహ్నానికి గాలి లేచింది. చర్చి పైరేకులు కాగితాల్లా ఎగిరిపోయాయి.

మూడో నాడు బావ బస్సు దిగాడు. గాలి వాళ్లను దక్షిణానికి ఈడ్చుకుపోయి కోట అనే ఊరి దగ్గర ఒడ్డున విసిరేసిందట. ముగ్గురూ బతికారు, తెప్ప మాత్రం ముక్కలైంది. ఆయన నుదుటి మీద ఎర్రటి చార చూసి మా అక్క నెత్తురని కేక పెట్టింది. నెత్తురు కాదు, తలగుడ్డలో నానిన నా పువ్వు రంగు. చదవని హెచ్చరికను తల మీద మోసుకుంటూ సముద్రం మీదికి పోయాడు మహానుభావుడు.

నేను కాళ్ల మీద పడబోతే లేవనెత్తి, "చదివినా పోయేవాణ్ణేలేరా" అన్నాడు. అది నిజమో, నా మీద దయతో అన్న మాటో, ఈ రోజుకీ నాకు తెలియదు. దయే అయితే దానికి వడ్డీ మాత్రం జీవితాంతం లాగాడు. పెళ్లి శుభలేఖ అందుకున్నా, బస్సు టికెట్టు పట్టుకున్నా, చర్చిలో పాటల పుస్తకం తెరిచినా, వెనక నుంచి పదిమందీ వినేలా గొంతు: "చదివినావా అయ్యోరా?" నా శిష్యులు కూడా ఆ మాట నేర్చుకున్నారు. నేను నేర్పినవాటిలో వాళ్లకు బాగా వచ్చినది అదే.

అప్పట్లో ఒక కబురు ఊరు చేరాలంటే జీపూ జిగురూ గోడా కావాలి, మధ్యలో నాబోటి మూర్ఖుడు అడ్డం పడితే అంతే. ఇప్పుడు ఎవరి కబురు వారి అరచేతిలోనే వాలుతోంది, నెట్టేయడానికి బొటనవేలు చాలు. ఊరికి ఒక్కణ్నే ఉండేవాణ్ని, ఇప్పుడు ఇంటింటా ఉన్నాం. ఆ పిల్ల చేతిలోని ఫోను తీసుకుని ఆ తుఫాను మెసేజి సాంతం చదివి వినిపించాకే మడత నేర్పాను.

ఆ కట్టలో కోయని నోటీసు ఒక్కటి నా పెట్టెలో మిగిలి ఉండేది. నిరుడు బావ ముసలితనంతో, తన మంచం మీదే, ఒడ్డునే పోయాడు. దాన్ని పువ్వుగా మడిచాను, ఈసారి అచ్చు వైపు బయటికి. సముద్రములోనికి పోరాదు అన్న రేకు పైకి కనపడేలా శవపెట్టెలో ఆయన చేతుల మధ్య ఉంచి, మూత వేసే ముందు చెవి దగ్గరికి వంగి అడిగాను.

"చదివినావా బావా?"