ఒకే పేరున్న రెండు వరుసలు

2009 అక్టోబరులో నేను కర్నూలు శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ విభాగం ఇన్‌చార్జిగా ఉన్నాను. తుంగభద్ర ఊరి మీద పడిన రోజులవి. మా కాలేజీలోనే సహాయ శిబిరం పెట్టారు. తప్పిపోయిన వారి కోసం మా లెక్చరర్ ఒకాయన ఒక్క పూటలో వెబ్ పేజీ తయారు చేశాడు. బంధువులు ఫోన్లో చెప్పే పేరు, వయసు, సొంతూరు, పనిచేసే చోటు అందులో ఒక్కో వరుసగా చేరేవి. మనిషి దొరికితే అతని వరుస మీద నొక్కాలి. అది పచ్చగా మారి 'క్షేమం' అని చూపిస్తుంది. తండ్రి పేరు అడగాలని ఎవరికీ తోచలేదు.

తాత పేరు మనవడికి పెట్టడం మా వైపు ఆనవాయితీ. అన్నదమ్ములిద్దరూ ఆ పేరే కావాలంటే ఇద్దరి కొడుకులదీ అదే పేరు. మైదుకూరుకు చెందిన అలాంటి ఇద్దరు వెంకటసుబ్బయ్యలు, ఒకే ఈడువాళ్లు, కర్నూల్లో ఒకే బట్టల అంగట్లో పనిచేసేవారు. ఇంట్లో వాళ్లను పెద్దోడు, చిన్నోడు అని పిలిచేవారు. పేజీలో మాత్రం అక్షరం తేడా లేని రెండు వరుసలు.

పెద్దోడు ఎలాగో శిబిరానికి చేరాడు. అతని వరుస నొక్కగానే రెండూ పచ్చబడ్డాయి. ఫోన్ల దగ్గరున్నవాళ్లు రెండిళ్లకూ కబురు చెప్పేశారు. మర్నాడు చిన్నోడి తల్లి రత్నమ్మ ఉతికిన బట్టలు, సద్దిమూట పట్టుకుని దిగింది.

"మా వాడు యాడప్పా? ఈడుండాడని ఫోన్ చేసినారు గదా?"

ఆమెను కూర్చోబెట్టి కోడ్ తెరిచాను. ఆ పేజీ రాసిన జావాస్క్రిప్ట్ భాషలో మూడు సమాన గుర్తులు పెట్టి రెండు వరుసలను నేరుగా పోలిస్తే, రెండూ ఒకటే వరుస అయితేనే అవునంటుంది. రాత అచ్చు ఒకేలా ఉన్నా, వేరు వరుసలైతే కాదంటుంది. మా లెక్చరర్ వరుసలను వదిలేసి వాటి లోపలి రాతను పోల్చాడు. రాత ఒకటే కాబట్టి రెండింటికీ క్షేమం పడింది. నిద్ర లేకుండా పనిచేసిన మనిషిని ఏమని తిడతాం?

ఆమెకు చెప్పాల్సింది నేనే. లేచి ఆమె వైపు నడిచాను. ఇంతలో పెద్దోడే వచ్చి తల దించుకుని నిలబడ్డాడు. "నేను పెద్దోణ్ణి చిన్నమ్మా. వాడు నా ఎనకాలే వస్తాండె. నీళ్లల్లో చెయ్యి జారిపాయ."

రత్నమ్మ ఏడవలేదు. అతన్ని పక్కన కూర్చోబెట్టుకుంది. తర్వాత మూట విప్పి ముద్ద కలిపింది. "తిను నాయనా. నువ్వూ మా మామ పేరు మోస్తాండేవాడివే గదా," అంది. నేను బయటికి వెళ్లి ఏడ్చాను.

కోడ్ ఆ పూటే సరిచేశాం. తండ్రి పేరుకూ చోటు పెట్టాం. చిన్నోడు మాత్రం దొరకలేదు.

పోలికలు కలిసినంత మాత్రాన ఇద్దరూ ఒకరు కారని ఆ భాష ముందే చెబుతోంది, మనమే సరిగ్గా అడగలేదు. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. బిడ్డ దొరికాడన్న మాట తల్లికి ఆ బిడ్డ నోటితోనే చెప్పించాలి.