డిస్‌ప్లే మూడో కాలు

నేను పనిచేసే ఫ్యాక్టరీలో సోల్డరింగ్ పొగను లాగేయడానికి బల్లకో ఫ్యాను ఉంది. నా బల్ల ఫ్యాను తిరుగుతుంది గానీ లాగదు. రోజులో ఏదో ఒక వేళ ఆ పొగ, కాలిన గుగ్గిలం లాంటి వాసనతో ముక్కులో దూరి నన్ను రాజాంలో దింపేస్తుంది. బస్సు ఛార్జీ ఉండదు. తిరిగి రావడానికే కాస్త టైము పడుతుంది.

రాజాం బస్టాండు వెనక సందులో గవరయ్య గారి కొట్టు ఉండేది. ఇంజనీరింగు విద్యార్థులు తామే చేశామని చెప్పుకునే ప్రాజెక్టులన్నీ అక్కడే పుట్టేవి. ట్యాంకు నిండితే కూసేది, గది వేడి చూపేది, ఏదైనా సరే, రెండు వరసల అక్షరాలు కనిపించే చిన్న డిస్‌ప్లే ఒకటి ఉండాలి. అక్షరాలు కనిపిస్తే మార్కులు. డిప్లొమా చేతబట్టుకుని పనిలో చేరిన మొదటి రోజే నేను ఒక డిస్‌ప్లే కాళ్ళకు, అంటే పిన్నులకు, తీగలు కలిపాను. ఏమీ రాలేదు. పోయిందని ప్రకటించి బుట్టలో పడేశాను. ఆయన లేచి వచ్చి దాన్ని బయటికి తీశారు.

“ఏట్రా డిప్లమా, బతికున్నదాన్ని పాడెక్కించీసినావు?”

“లైటు ఎలుగుతన్నాది గానీ అచ్చరం నేదు మేస్టారూ.”

“మూడో కాలు గాల్లో వదిలీసినావు. అచ్చరం ముదురు, లేత సెప్పేది ఆ కాలే.” ఒక రెసిస్టరు తీసి మూడో కాలి నుంచి గ్రౌండుకు పెట్టారు. అక్షరాలు తేలాయి. “సచ్చిపోనేదు. కనపడ్డం నేదంతే.”

ఆ కాలికి ప్రీసెట్ అనే బుల్లి మర పెడితే, తిప్పుకుని కాంట్రాస్టు సరిచేసుకోవచ్చు. పది రూపాయలు. రెసిస్టరు పావలా కూడా ఉండదు. అందుకే ఆయన మర పెట్టేవారు కాదు. జనం టచ్ ఫోన్లకు మారుతున్న రోజులు కావడంతో పాత ఫోన్ల ఛార్జర్లు బస్తాలకొద్దీ దొరికేవి. బోర్డుకు కరెంటు వాటితోనే. ఇక కాంట్రాస్టు ఆయన కళ్ళతో. ఒక్కో డిస్‌ప్లేకి ఒక్కో రెసిస్టరు మార్చి మార్చి, కూర్చుని చూసి, నిలబడి చూసి, కుదిరినదాన్ని అతికి, దాని తీగ కాళ్ళు మొదలంటా కత్తిరించేవారు. నేను కత్తిరిస్తే మొలకలు మిగిలేవి. “గుచ్చుకుంటాదిరా” అని రోజూ తిట్లు. అది తప్ప మా మధ్య గొడవల్లేవు.

ఒక వినాయక చవితి వెళ్ళాక, ఇచ్చిన బోర్డు ఒకటి తిరిగొచ్చింది. అక్షరాల చోట నల్లటి గళ్ళు. “ముదురు రంగురా, మార్కులెక్కువొస్తాయి” అని తెచ్చిన కుర్రాడిని నవ్వించి, రెసిస్టరు మార్చి పంపేశాను. రెండో రోజు ఇంకొకటి. ఆయన అతికినవన్నీ అంతే. ఆయనకు సరిపోయేంత నలుపు మనకు గళ్ళయిపోతోంది. ఆయనకు షుగరు ఉందని తెలుసు. కళ్ళ మాట చెబితే ఏమవుతారోనని చెప్పలేదు. ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు అన్నీ మార్చిపెట్టేవాణ్ణి. రెండు నెలలు. అది దయ అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఆయన తొందరగా తిరిగొచ్చి, బోర్డు వెనక వేలితో తడిమారు. వేలు ఒక మొలక దగ్గర ఆగింది.

“ఈ కాలు నేను కోసింది కాదు.”

నేను చేతిలో కట్టరు బల్ల మీద పెట్టేశాను.

“ఎన్నాళ్ల నుండి?”

“చవితి నుండి మేస్టారూ.”

ఆయన బోర్డును నెమ్మదిగా కింద పెట్టారు. “రేపు ఇసాపట్నం ఎల్దాం.”

అక్కడి కళ్ళ డాక్టరు టార్చి వేసి చాలాసేపు చూశారు. లోపల నెత్తురు కారిందన్నారు. ఒకట్రెండు నెలల ముందు తీసుకొస్తే లేజరుతో ఆపి ఉండేవాళ్లమన్నారు. నా వైపు చూసి అనలేదు. అయినా నాకే తగిలింది.

తిరుగు బస్సులో కిటికీ సీటు నాకిచ్చారు. “నువ్వు కూకో. నాకేటి కనపడతాదని?” విజయనగరం దాటింది. తరవాత అన్నారు: “నువ్వు మార్చకపోతే నాలుగు తిట్లు తిందును. తిట్లు తింటే కళ్ళు సూపించుకుందును.”

కోపం లేదు గొంతులో. ఉంటే బాగుండేది.

“ఇకనుండి అన్నిటికీ ప్రీసెట్ పెట్టీ. ఎవుడి కంటికి తగ్గట్టు ఆడే తిప్పుకుంటాడు.”

పది రూపాయల మర మా కొట్టులోకి అలా వచ్చింది. ఆయన మరో ఏడాది బల్ల దగ్గర కూర్చుని, నేను కోసిన కాళ్ళను తడిమి తిట్టారు. ఆ తరవాత షుగరుకు కిడ్నీలూ పాడయ్యాయి. పోయారు. కొట్టు ఉన్న చోట ఇప్పుడు సెల్ కవర్లు అమ్ముతున్నారు.

ఫ్యాక్టరీలో పోయిన డిస్‌ప్లేలకు ఎర్ర స్టిక్కరు వేయడం నా పని. వేసే ముందు మూడో కాలు చూస్తాను, కూర్చుని ఒకసారి, నిలబడి ఒకసారి. పక్క బల్ల అప్పన్న గారు నాకంటే ముప్పయ్యేళ్ళు పెద్ద. కిందటి నెల నుంచి ఆయన అతుకులు పక్కకు పోతున్నాయి. సరిచేసి ఊరుకోవచ్చు. నా చెయ్యి వెళ్ళింది కూడా. వెనక్కి తీసుకుని అందరిలోనే అడిగాను: “అప్పన్న గారూ, కళ్ళు సూపించుకున్నారా?”

అప్పటి నుంచి ఆయన నాతో మాట్లాడటం లేదు. రోజూ టీ వేళకు మళ్ళీ అడుగుతున్నాను.