ఎల్కేజీ పిల్ల సంతకం పెట్టనంది

మా అమ్మాయి ఎల్కేజీలో ఉండగా, మార్చి మొదట్లో స్కూలు డైరీలో ఎర్ర సిరాతో ఒక వాక్యం వచ్చింది. పాప తన పేరు రాయడం లేదు, దయచేసి వచ్చి కలవండి. ఎర్ర సిరా వాక్యంలో 'దయచేసి' కూడా ఉందంటే విషయం కాస్త ముదిరినట్టే.

వెళ్ళాను. క్లాసు మేడం నోటుబుక్కు తెరిచి నా ముందు పెట్టింది. డిసెంబరు నుంచి పేజీల నిండా మా అమ్మాయి పేరే, వంకర పోతూ, గీత దాటుతూ, రోజురోజుకీ కాస్త నిలబడుతూ. ఫిబ్రవరి మధ్యలో ఒక పేజీ దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత పువ్వులు, చేపలు, ఒకటి నుంచి యాభై దాకా అంకెలు, అన్నీ ఉన్నాయి. పేరు లేదు.

"ఏప్రిల్లో పిల్లల్ని ఒక్కొక్కళ్ళనీ పిలిచి చూస్తామండి. తెల్లకాగితం ఇస్తాం, పేరు రాయాలి. రాయని వాళ్ళని యూకేజీకి పంపరు, మళ్ళీ ఇదే క్లాసు" అంది మేడం.

"మరి ఇవన్నీ రాసింది కదండీ?"

"అదే అడుగుదామనుకుంటున్నా. ఇవి ఇంట్లో మీరేమన్నా రాసిపెట్టారా?"

నా దస్తూరి అంత బాగుండదని చెప్పాను. ఆవిడ నమ్మినట్టు లేదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ కాసేపు ఆలోచించింది. "ఏవండీ, మీ వైపు ఎవరికైనా ఇలా ఉందా?" అంది. మా వైపు అందరూ పేర్లు చక్కగా రాసేవాళ్ళే, ఇబ్బంది మిగతా చదువుతోనే వచ్చేదని చెప్పాను. నాకు మాత్రం మేడం మీద అనుమానం. ఎప్పుడో గట్టిగా కసిరి ఉంటుంది. మా ఆవిడకి నా మీద అనుమానం, పిల్లకి ఫోనిచ్చి పాడుచేశానని. మా నాన్నకి ఇంగ్లీషు మీడియం మీదే అనుమానం. మేం ముగ్గురం ఇలా అనుమానించుకుంటుంటే, నాలుగో మనిషి గుమ్మంలో కూర్చుని మమ్మల్నందర్నీ అనుమానంగా చూస్తోంది. ఆ చూపు మేం అప్పుడు పట్టించుకోలేదు.

నా వృత్తి గురించి ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. నాకు హనుమాన్ జంక్షన్లో జిరాక్స్ షాపు ఉంది. నా బీకాం పట్టా అందులోనే గోడకి వేలాడుతుంటుంది. కస్టమర్లు దాన్ని షాపు లైసెన్సు అనుకుంటారు, నేనూ కాదనలేదు. దరఖాస్తులు నింపుతాను, అగ్రిమెంట్లు టైపు చేస్తాను, పెన్సిల్తో ఇంటూ మార్కు పెట్టి "ఇక్కడ సంతకం పెట్టండి" అంటాను. రోజుకి ఎంతమంది పెడతారో నేను లెక్కపెట్టలేదు గానీ, పెట్టను అన్నవాళ్ళు నాకు గుర్తులేరు. అలాంటి వాడి ఇంట్లో నాలుగున్నరేళ్ళ పిల్ల పేరు రాయనంటోంది.

వలలు పన్నాను. అద్దం మీద ఆవిరి పట్టినప్పుడు పేరు రాయమన్నాను. పిల్లి బొమ్మ వేసింది. కొత్త రంగు పెన్సిళ్ళు కొని, "ఏదీ, ఎర్రదాంతో పేరు రాసి చూపించు" అన్నాను. పెన్సిల్ తీసుకుంది, రెండు అక్షరాలు రాసింది, నా మొహంలోకి చూసింది, ఆ రెండింటినీ చిక్కగా కొట్టేసింది. మా షాపులో చెక్కు రద్దు చేసేవాళ్ళు కూడా అంత శ్రద్ధగా కొట్టెయ్యరు.

చివరికి నీళ్ళ సీసా తెచ్చాను. "స్కూల్లో పోకుండా దీని మీద నీ పేరు రాసుకోమ్మా" అన్నాను.

"పోతే పోనీ."

"ఎవరైనా తీసేసుకుంటారు."

"పేరు రాస్తే తీసుకోరా?"

"తీసుకోరు. పేరుంటే నీదే."

ఈ మాటకి నన్నొక అబద్ధాలకోరుని చూసినట్టు చూసింది. సీసా, మార్కర్ తీసుకుని బయటికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి సీసా మీద మా నాన్న పేరుంది. పెద్ద పెద్ద అక్షరాలు, ఒక్క తప్పు లేదు. గేటు పక్కన గోడ మీద ఉన్న పేరు చూసి దించేసిందట. అంటే పిల్లకి రాయడం వచ్చు, ఎవరి పేరైనా వచ్చు, తనది తప్ప.

ఆ రాత్రి మా ఆవిడ అంది, "దీనికి రాకపోవడం కాదండీ. ఇది ఏదో దాస్తోంది." నాకూ అలాగే అనిపించింది. నాలుగున్నరేళ్ళ మనిషి దాచేంత విషయం ఏముంటుందా అని ఇద్దరం చాలాసేపు బుర్ర బద్దలు కొట్టుకున్నాం.

ఆదివారం పొద్దున్నే నాన్నా, నేనూ, అమ్మాయీ బండి మీద తోటకెళ్ళాం. మాది చిన్న మామిడి తోట. ఎక్కువ బంగినపల్లి, నాలుగు వరసలు చిన్న రసం. మోటారు గది పక్కన ఒక చిన్న రసం చెట్టుంది, దాని కొమ్మలు పిల్లలకి అందేటంత కిందకి ఉంటాయి. మా అమ్మాయికి నడక వచ్చినప్పటి నుంచీ అది తనదే. ఈ వైపు అందరం చేసేదే మేమూ చేస్తాం. పూత నిలిచాక, పిందె మీదే కాపు మొత్తం వ్యాపారికి అమ్మేస్తాం. జనవరి చివర్లో చింతలపూడి వైపు నుంచి వ్యాపారి వచ్చాడు, అగ్రిమెంటు మీద మా హాల్లోనే సంతకాలయ్యాయి. పది రోజుల్లో అతని కాపలా మనిషి తోటలో పాక వేసుకున్నాడు. అక్కడి నుంచి కోత అయ్యేదాకా చెట్లు మావి, కాయలు అతనివి.

పిందెలు అప్పటికి నిమ్మకాయంత అయ్యాయి. నేను అలవాటు కొద్దీ మోటారు గది పక్కకెళ్ళి కిందకొమ్మ మీద చెయ్యి వేశాను.

"నాన్నా, ముట్టుకోకు!"

వెనక్కి చూస్తే మా అమ్మాయి, చెట్టుకి పది అడుగుల దూరంలో, చేతులు రెండూ వీపు వెనక కట్టుకుని నిలబడి ఉంది.

"ఏంటమ్మా, మన చెట్టేగా."

"మనది కాదు. తాతయ్య పేరు రాసేశాడు."

పాకలోంచి కాపలా ముసలాయన నవ్వుతూ వచ్చాడు. "పాపగారు మహా పద్ధతైన మనిషండి. నేనొచ్చిన కొత్తలో పిందె కోయబోతే, తాతగారు సంతకం పెట్టారమ్మా, ఇప్పుడియ్యి మా షావుకారివి అన్నానండి. అంతే. మళ్ళీ చెట్టు దగ్గరికి రాలేదు. పెద్దోళ్ళకే చెప్పాలండి పది సార్లు." ఇది అంటూ నా చేతిలో ఉన్న కొమ్మ వైపు చూశాడు. వదిలేశాను.

మోటారు గది మెట్టు మీద కూర్చుని పిల్లని దగ్గరికి పిలిచాను. "సంతకమంటే ఏంటో నీకెవరు చెప్పారు?"

"తాతయ్య. పేరు రాయడమంట. తాతయ్య పేరు రాశాడు, నా చెట్టు షావుకారుకి వెళ్ళిపోయింది."

"అందుకని స్కూల్లో పేరు రాయట్లేదా?"

"మేడం రోజూ రాయమంటది. ఎందుకో చెప్పదు. నువ్వు కూడా రాయమంటావు. అమ్మ కూడా." వేళ్ళు మడుస్తూ చెప్పింది. "నాకు పిల్లి బొమ్మ ఉంది, సైకిలుంది, దుప్పటుంది. మేడంకి ఏది కావాలో నాకేం తెలుసు?"

"మరి సీసా మీద తాతయ్య పేరు రాశావే?"

"తాతయ్య ఎలాగూ పెట్టేశాడుగా."

మా నాన్న తలపాగా సర్దుకున్నాడు. పోయేదేదో పోయిందని మనవరాలు తన గురించి తేల్చేసిన సంగతి ఆయనకి అర్థమైంది.

అన్ని సంతకాలూ అలాంటివి కావని నచ్చజెప్పబోయాను. ఎలా తెలుస్తుంది అంది. పైన ఏం రాసుందో చదివితే తెలుస్తుందన్నాను.

"నాకింకా చదవడం రాదుగా" అంది.

ఇన్నేళ్ళ వ్యాపారంలో ఆ ముక్క నాతో అన్న మొదటి మనిషి ఈ పిల్లే. సాయం కోసం నాన్న వైపు చూశాను. "తాతయ్య చదివే పెట్టాడు కదా నాన్నా, చెప్పు" అన్నాను.

"నేనెక్కడ చదివానురా? నువ్వు ఇంటూ పెట్టావు, నేను పెట్టా" అన్నాడు ఆయన. ఆగి, "అయినా మోటారు గది చెట్టు ఇంటివాడకానికి వదిలేస్తాం కదరా ఏటా. కాపలా ఆయనెందుకు వద్దన్నాడు?" అన్నాడు.

నిజమే. ప్రతి తోటలోనూ ఒక చెట్టు ఇంటివాళ్ళకి వదిలెయ్యడం మామూలే. అగ్రిమెంట్లో దానికొక లైను ఉంటుంది. ఈ ఏడు అగ్రిమెంటు టైపు చేసింది నేనే. పక్క ఊరి వాళ్ళ కాగితం కంప్యూటర్లో ఉంటే, పేర్లూ సర్వే నంబర్లూ మార్చి ప్రింటు తీశాను. వాళ్ళకి ఇంటి చెట్టు లేదు కాబోలు. ఫోన్లో ఉన్న అగ్రిమెంటు ఫొటో తెరిచి చూసుకున్నాను. రెండు పేజీలు, పై నుంచి కింది దాకా చదివాను, మొదటిసారి. ఆ లైను లేదు.

అంటే ఆరు వారాల నుంచి మా ఇంట్లో సరిగ్గా అనుమానించింది ఒక్కతే. మేమంతా దానికి ఏదో తేడా ఉందని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే ఆలోచనలో ఉన్నాం.

వ్యాపారికి ఫోను చేస్తే అదే సాయంత్రం వచ్చాడు. విని పగలబడి నవ్వాడు. "ఎంత మాట బాబాయిగారూ, ఒక్క చెట్టు దగ్గర నేను పేచీ పెడతానా? కోసుకోమనండి పాపని. నోటి మాట చాలదా మనకి?"

నాన్న చాలు అనబోయాడు. మా అమ్మాయి గుమ్మంలోంచి అంది, "రాయమను."

అతను నవ్వు ఆపుకుంటూ అగ్రిమెంటు వెనకవైపు రాశాడు, మోటారు గది పక్క చెట్టు కాయలు ఇంటివారివని. సంతకం పెట్టాడు. పిల్ల నా చేత ఒకసారి చదివించింది. నా మీద నమ్మకం లేక వాళ్ళమ్మ చేత మళ్ళీ చదివించింది. రెండు చదువులూ ఒకేలా ఉన్నాక, చెప్పులేసుకుని తోటకి పదమంది.

ఏప్రిల్ రెండో వారంలో స్కూల్లో పిలిచారు. వాళ్ళు తెల్లకాగితం పెట్టి పేరు రాయమన్నారు. ఎందుకు అనడిగిందట మా అమ్మాయి. ఊరికే అన్నారట మేడం. మాకు తెలిసినంతలో అంతకన్నా తప్పు జవాబు లేదు. పది నిమిషాల్లో నాకు ఫోనొచ్చింది.

"ఏవండీ, పెన్సిలే పట్టుకోవట్లేదు. ఖాళీ కాగితం మీద రాయదంట!"

"పైన ఏదైనా రాసి చదివి వినిపించండి మేడం. నిజమైనదే రాయండి."

ఈ కుటుంబం గురించి ఆవిడకి ముందే ఉన్న అభిప్రాయం ఆ మాటతో గట్టిపడి ఉంటుంది. కానీ మంచి మనిషి, రాసింది. ఆ కాగితం సాయంత్రం బ్యాగులో ఇంటికొచ్చింది. పైన మేడం దస్తూరి: 'పాప పేరు రాయడం చూడటానికే ఈ కాగితం. చూశాక పాపకే ఇచ్చేస్తాను. పాప వస్తువులు ఏవీ తీసుకోను.' కింద మేడం సంతకం. దానికింద మా అమ్మాయి పేరు, పూర్తిగా, గీత మీద నిలబడి. జూన్ నుంచి యూకేజీ అని డైరీలో నీలం సిరాతో ఉంది.

మా ఆవిడ దాన్ని లామినేషన్ చేయించి గోడకి పెడదామంది. షాపు మనదేగా అని నేను చెయ్యి చాపాను. పిల్ల కాగితాన్ని మడత విప్పి, నాకు అందనంత దూరంలో, రెండు చేతులతో పట్టుకుని చూపించింది.

"అక్కణ్ణుంచే చదువుకో" అంది.